టీవీ పెట్టె ఆటల యంత్రం కాగలదా?

పిల్లలూ! మీలో చాలమంది ఇళ్ళల్లో టీవీ కింద బల్లమీద ఒక చిన్న నల్లని పెట్టె ఉంటుంది. కొందరి ఇళ్ళల్లో అది బొటనవేలంత పుల్లలాగ టీవీకే గుచ్చి ఉంటుంది. ఇంటర్నెట్ ద్వారా వచ్చే సినిమాను, క్రికెట్ మ్యాచిని, పాఠాన్ని తెరమీదికి తెచ్చి చూపేది అదే. ఆకారం ఏదైనా మనం దానిని 'పెట్టె' అనే పిలుచుకుందాం.

ఈ పెట్టెను గురించి రేపల్లెలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. వాళ్ళ అన్నయ్యకు ఆటలాడే యంత్రం, అనగా గేమ్ కన్సోల్, కావాలట. ప్లేస్టేషన్ 5 అనే యంత్రం 2021 ఫిబ్రవరిలో మన దేశంలో మొదటిసారి అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. అమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బు ఇంట్లో ఉన్నది గాని, అది అన్నయ్య ఇంటర్ చదువుకని తీసి ఉంచినది. "మన పెట్టెలోనూ ఆటలున్నాయి గదా, చేత్తో పట్టుకొని ఆడే కంట్రోలరు ఒకటి కొంటే సరిపోదా?" అని నాన్న వాదన. "అది సినిమాలు చూసుకునే పెట్టె నాన్నా, దాంతో అసలైన ఆటలు ఎలా ఆడతాం?" అని అన్నయ్య వాదన. "మాస్టారూ, ఎవరిది నిజం?" అని ఆ అమ్మాయి అడిగింది.

తీర్పు చెప్పేముందు పెట్టె లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

సినిమా, నాటకం

తెనాలి నాటకాలకు పేరు పొందిన ఊరు. పద్యనాటకం చూసినవారిని అడగండి. నటుడు పద్యాన్ని రాగమెత్తి పాడగానే ప్రేక్షకులు "వన్స్‌మోర్!" అని కేక వేస్తారు. నటుడు మళ్ళీ పాడతాడు. ఇప్పుడు సినిమా హాలుకు వెళ్ళి అదే కేక వేసి చూడండి. తెరమీది కథానాయకుడు పట్టించుకోడు. ఎందుచేత? సినిమా అంతా ఏనాడో తయారై వచ్చింది. నాటకం మీ ఎదుటే, అప్పటికప్పుడు తయారవుతుంది.

మన పెట్టె చేసేది సినిమా హాలులోని ప్రొజెక్టరు పని. బొమ్మలన్నీ ఎక్కడో తయారై, చిన్నవిగా మడిచి పంపగా వస్తాయి. ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ ఉన్న తేడాను మాత్రమే పంపటం ఆ మడతలోని ముఖ్యమైన కిటుకు. వాటిని విప్పి పరచటానికి పెట్టెలోని చిప్పులో ప్రత్యేకమైన భాగం ఒకటి ఉన్నది. ఆ ఒక్క పనిలో అది బహు నేర్పరి. చాల తక్కువ కరెంటుతో చేసేస్తుంది.

ఆట అలా కాదు. మీరు మీట నొక్కితే బ్యాటు తిరగాలి. బ్యాటు తిరిగితే బంతి దారి మారాలి. దాని నీడా మారాలి. ఏ క్షణాన ఏ మీట నొక్కుతారో ముందుగా తెలియదు గనుక ఏ బొమ్మనూ ముందు గీసి ఉంచటానికి వీల్లేదు. తెరమీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉన్నాయనుకోండి. హెచ్చవేస్తే 20,73,600 చుక్కలు. సెకండుకు 60 బొమ్మలు గీయాలంటే 12 కోట్ల 44 లక్షలకు పైగా చుక్కలకు రంగు నిర్ణయించాలి. నేడు '4కె' అని అమ్ముతున్న తెరలకైతే దీనికి నాలుగింతలు.

ఇంత పని చేయగల చిప్పు పెట్టెలో పడుతుందా అని మీకు సందేహం రావచ్చు. పడుతుంది. ఇక్కడ ఒక ముచ్చటైన చరిత్ర చెప్పాలి. 2015 మే నెలలో ఎన్విడియా అనే అమెరికా సంస్థ 'షీల్డ్' అనే టీవీ పెట్టెను 199 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. దాని చిప్పు పేరు టెగ్రా ఎక్స్1. 2017 మార్చిలో జపానుకు చెందిన నింటెండో సంస్థ 'స్విచ్' అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. చేతిలో పట్టుకొనీ ఆడవచ్చు, టీవీకి తగిలించీ ఆడవచ్చు. అందులోని చిప్పు ఏదో తెలుసా? అదే టెగ్రా ఎక్స్1. స్విచ్ యంత్రాలు ఇప్పటికి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. ఆటల యంత్రాల చరిత్రలో అంతగా అమ్ముడైనవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును.

రెండింటికీ చిప్పు ఒక్కటే అయినప్పుడు ఒకటి టీవీ పెట్టెగానే మిగిలిపోవటమూ, రెండవది పెద్ద ఆటల యంత్రం కావటమూ ఎలా జరిగింది?

చిప్పు చుట్టూ ఉండవలసినవి

మొదటిది వేడి. యంత్రం తీసుకున్న కరెంటు అంతా చివరకు వేడిగానే బయటకు రావాలి. పుల్లలాంటి పెట్టె వాడుకునేది 5 వాట్లు, మహా అయితే 10 వాట్లు. ఒక చిన్న ఎల్.ఇ.డి. బల్బు అంత. ప్లేస్టేషన్ 5 పెద్ద ఆట ఆడిస్తున్నప్పుడు సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. అందుకే దాని లోపల పెద్ద ఫ్యానూ, వేడిని లాగే లోహపు రేకులూ ఉంటాయి. స్విచ్‌లోనూ చిన్న ఫ్యాను ఉన్నది, షీల్డ్‌లోనూ ఉన్నది. మామూలు పుల్లలో ఫ్యాను లేదు. బాపట్లలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. గాలి ఆడకుండా టీవీ వెనుక ఇరికించిన పుల్లమీద అరగంట సేపు ఆట ఆడితే చిప్పు వేడెక్కి, తాను పాడైపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మొదటి అయిదు నిమిషాలు నునుపుగా సాగిన ఆట తరువాత కుంటుతుంది. కొట్లో చూపించేది ఆ మొదటి అయిదు నిమిషాలే!

రెండవది చోటు. 2018లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కె అనే పుల్లలో పనిచేసే జ్ఞాపకశక్తి 1.5 గిగాబైట్లు, దాచుకునే చోటు 8 గిగాబైట్లు. ప్లేస్టేషన్ 5లో 16, 825. పెద్ద ఆటలు కొన్ని ఒక్కొక్కటే 50 గిగాబైట్లకు మించి ఉంటాయి. సేరు గిన్నెలో బస్తా బియ్యం వండమన్నట్లు ఉంటుంది.

మూడవది చేతికి సంబంధించినది. దీన్ని పెద్దలు తేలికగా తీసుకుంటారు గాని, అసలు చిక్కు చాలవరకు ఇక్కడే ఉన్నది. 2015లో యాపిల్ సంస్థ తన టీవీ పెట్టెలో ఆటలకు తలుపు తెరిచింది. అయితే ఒక నిబంధన పెట్టింది: ప్రతి ఆటా పెట్టెతోపాటు ఇచ్చే చిన్న రిమోటుతో ఆడగలిగేటట్లే ఉండాలి. ఛానలు మార్చే రిమోటుతో పరుగెత్తటమూ, గురిచూడటమూ, దూకటమూ అన్నీ ఎలా చేస్తారు? ఆటలు తయారుచేసేవారు ఇబ్బందిపడ్డారు. 2016లో ఆ నిబంధనను సడలించారు. ఆటల యంత్రం కొంటే కంట్రోలరు దానితోనే వస్తుంది. కాబట్టి ఆట తయారుచేసేవాడు ఆడేవాడి చేతిలో ఏయే మీటలున్నాయో ముందే ఎరిగి తయారుచేస్తాడు. పెట్టె కొన్న లక్షమందిలో కంట్రోలరు ఉన్నవారు ఎందరో ఎవరికి తెలుసు?

'ఊయా' కథ కూడా ఇందుకు సాక్ష్యం. 2012లో అమెరికాలో కొందరు 99 డాలర్లకే ఆటల పెట్టె ఇస్తామని ప్రజలనుంచి చందాలు అడిగారు. అడిగింది 9,50,000 డాలర్లు, వచ్చింది సుమారు 85 లక్షల డాలర్లు. 2013 జూనులో పెట్టె అంగళ్ళకు వచ్చింది. కంట్రోలరూ ఇచ్చారు. అయినా దానికోసమే పెద్ద ఆటలు తయారుచేసేవారు ముందుకు రాలేదు. మంచి ఆటలు లేనందువల్ల కొనేవారు రాలేదు, కొనేవారు లేనందువల్ల ఆటలు రాలేదు. 2019 జూనులో దాని దుకాణాన్ని పూర్తిగా మూసివేశారు. స్విచ్‌కు ఆ కష్టం లేదు. యంత్రం చేసిన నింటెండోయే ఆటలు తయారుచేయటంలో ఆరితేరిన సంస్థ.

నాటకం అక్కడ, తెర ఇక్కడ

ఇంతవరకు చూస్తే అన్నయ్యదే గెలుపు అనిపిస్తుంది. కాని నాన్న పక్షాన ఇంకొక వాదన ఉన్నది. బలమైన యంత్రాన్ని మన ఇంట్లోనే పెట్టాలని ఏమున్నది? దూరాన ఎక్కడో ఒక పెద్ద కంప్యూటరు ఆట ఆడించి, దాని బొమ్మలను సినిమాలాగ మన పెట్టెకు పంపవచ్చు గదా! మన మీట నొక్కుడు అక్కడికి వెళుతుంది, బొమ్మ ఇక్కడికి వస్తుంది. పెట్టె మళ్ళీ తనకు చేతనైన ప్రొజెక్టరు పనే చేస్తుంది. దీనిని క్లౌడ్ గేమింగ్ అంటున్నారు. గూగుల్ సంస్థ 2019 నవంబరులో 'స్టేడియా' పేరుతో కొన్ని దేశాలలో ఇదే ప్రారంభించింది. మన దేశానికి అది రాలేదు.

దీనికి తీగ బాగుండాలి. మన రాష్ట్రంలో ఇటువంటి తీగ పల్లెలకు చేరటంలో ఏ.పి. ఫైబర్‌నెట్‌కు పెద్ద పాత్ర ఉన్నది. 2015లో ప్రభుత్వం ఈ సంస్థను నెలకొల్పింది. ఖర్చు తగ్గటానికి నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే గాజు తీగను లాగారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని ప్రారంభించారు. అప్పటి పథకం ప్రకారం నెలకు 149 రూపాయలకు టీవీ, టెలిఫోను, సెకండుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్, మూడూ ఒకే తీగమీద.

15 మెగాబిట్లు ఆటకు చాలుతాయా? స్టేడియా వారు చిన్న బొమ్మకు కనీసం 10, మనం పైన లెక్కవేసిన 1,080 వరుసల బొమ్మకు 20, 4కె బొమ్మకు 35 అన్నారు. కాబట్టి చిన్న బొమ్మకు చాలును. ఒక లెక్క మీరే వేయండి. సెకండుకు 20 మెగాబిట్లు చొప్పున గంటకు 72,000 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక 9,000 మెగాబైట్లు, అంటే 9 గిగాబైట్లు. సెల్‌ఫోనులో రోజుకు 2 గిగాబైట్ల పథకం ఉన్నవారు ఈ లెక్కన ఎంతసేపు ఆడగలరు? 13 నిమిషాల 20 సెకండ్లు!

అయితే తీగ వెడల్పు ఒక్కటే చూస్తే పొరబాటు పడతాం. మన డెల్టా పిల్లలకు ఇది సులభంగా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ నీటిని కాలువకు వదులుతారు. తెనాలి మీదుగా పారి రేపల్లె వైపు చివరి పొలాలకు ఆ నీరు చేరటానికి రోజులు పడుతుంది. కాలువ ఎంత వెడల్పుగా ఉంటే అంత ఎక్కువ నీరు వస్తుంది. నిజమే. కాని వదిలిన నీరు చివరికి చేరటానికి పట్టే కాలం వేరే సంగతి. మెగాబిట్లు చెప్పేది వెడల్పును. ఆటకు ముఖ్యం ఆ రెండవది, చేరే కాలం.

సినిమాకు ఆ ఇబ్బంది ఎందుకు లేదు? కాలువ కట్టివేసే రోజులకోసం మన ఊళ్ళల్లో మంచినీటి చెరువు ముందే నింపి ఉంచుకుంటాం. పెట్టె కూడా రాబోయే కొన్ని సెకండ్ల సినిమాను ముందే తెచ్చి నిల్వ చేసుకుంటుంది. మధ్యలో తీగ కాసేపు తడబడినా మీకు తెలియదు. ఆటకు చెరువు లేదు! మీరు ఇంకా నొక్కని మీటకు బొమ్మను ఎవరు నిల్వ చేయగలరు? అది పారే నీటిమీదనే బతకాలి.

ఇప్పుడు ఆ కాలాన్ని లెక్కగడదాం. కాంతి వేగం శూన్యంలో సెకండుకు 3,00,000 కిలోమీటర్లు. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5 గనుక గాజు తీగలో అది 2,00,000కు తగ్గుతుంది. ఇంకొక విధంగా చెప్పాలంటే మిల్లీసెకండుకు, అనగా సెకండులో వెయ్యోవంతుకు, 200 కిలోమీటర్లు. ఆట ఆడించే కంప్యూటరు చెన్నైలో ఉన్నదనుకోండి. తెనాలి నుంచి రైలు దారిన సుమారు 400 కిలోమీటర్లు. పోయిరావటానికి 800. వెరసి 4 మిల్లీసెకండ్లు. బాపట్ల అదే దారిలో చెన్నైకి సుమారు 40 కిలోమీటర్లు దగ్గర. దానివల్ల కలిసివచ్చేది 0.4 మిల్లీసెకండ్లు మాత్రమే. ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య వ్యవధి సెకండులో 60వ వంతు, అంటే దాదాపు 17 మిల్లీసెకండ్లు. కాబట్టి కాంతిని మనం తప్పుపట్టలేము.

తప్పంతా మధ్య మజిలీలది. తెనాలి నుంచి రేపల్లెకు రైలు దూరం 34 కిలోమీటర్లే. కాని ఒంటి లైను. ఎదురు బండికోసం స్టేషనులో ఆగవలసివస్తే వేగం ఎంత ఉండి ఏం లాభం? అలాగే మీట నొక్కుడు కంట్రోలరునుంచి గాలిలో పెట్టెకు చేరాలి. పెట్టెనుంచి వైఫై మీదుగా గోడమీది డబ్బాకు పోవాలి. సాయంకాలం వీధిలో అందరూ టీవీలు పెట్టినప్పుడు వరుసలో నిలబడాలి. దూరపు కంప్యూటరు బొమ్మ గీసి, మడిచి పంపాలి. పెట్టె మడత విప్పాలి. చివరకు టీవీ తన వంతుగా రంగులకు మెరుగులు దిద్దుతానని ఇంకొంత ఆపుతుంది. ఒక్కొక్కచోట పదో ఇరవయ్యో మిల్లీసెకండ్లు పోయినా మొత్తం 100 దాటటం కష్టం కాదు.

వందే గదా అనవచ్చు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకండుకు 39 మీటర్లు పోతుంది. బౌలరు చేతినుంచి బ్యాటు దాకా 18 మీటర్లు అనుకుంటే పట్టేది 0.46 సెకండ్లు. 100 మిల్లీసెకండ్ల ఆలస్యమంటే మీరు చూస్తున్న బంతి నిజానికి అప్పటికే దాదాపు 4 మీటర్లు ముందుకు వచ్చేసి ఉంటుంది. మన కన్ను చూసి చెయ్యి కదలటానికే సుమారు 0.2 సెకండ్లు పడుతుంది. మీ స్నేహితుడు వదిలిన స్కేలును వేళ్ళతో పట్టుకొని చూడండి. 20 సెంటీమీటర్లు జారిన తరువాతగాని దొరకదు. ఆ 0.2కు ఈ 0.1 కూడా తోడైతే బ్యాటు తిప్పటానికి మిగిలే సమయం ఏపాటి?

చదరంగానికి, పదాల ఆటకు, పొడుపుకథల ఆటకు ఈ ఆలస్యం లెక్కలోకి రాదు. అవి పెట్టెలో హాయిగా ఆడుకోవచ్చు.

నాన్నకు ఇంకొక మాట కూడా చెప్పాలి. క్లౌడ్ ఆటకు యంత్రం కొననక్కరలేదు గాని సాధారణంగా నెలనెలా చందా కట్టాలి. దుకాణం మూస్తే ఆట పోతుంది. 2023 జనవరి 18న స్టేడియాను మూసివేశారు. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారు, అది మెచ్చుకోదగినదే. అయినా ఆ మరునాడు ఆడటానికి అక్కడ ఏమీ లేదు.

ఇక ఆ రేపల్లె అమ్మాయికి నా జవాబు. చిప్పు సంగతిలో నాన్న చెప్పింది నిజం. టీవీ పెట్టె చిప్పుతో గట్టి ఆటల యంత్రం చేయవచ్చని స్విచ్ రుజువు చేసింది. కాని మీ ఇంట్లో ఉన్న పెట్టె అలా కావటానికి దానికి ఫ్యానూ, చోటూ, చేతికి తగిన మీటలూ, దానికోసం ఆటలు చేసేవారూ లేరు. ఆ మేరకు అన్నయ్యది నిజం. అంతమాత్రాన చీటీ డబ్బు తీయమని నేను చెప్పను. ముందు మీ పెట్టె ఎంత ఆలస్యం చేస్తుందో కొలవండి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

కొత్త సెల్‌ఫోన్లు చాలవాటిలో నెమ్మది కదలిక చిత్రం తీసే వీలు ఉన్నది. సెకండుకు 240 బొమ్మలు తీసేది ఇంట్లో పెద్దవారినో, ఇరుగు పొరుగునో అడిగి తీసుకోండి. రిమోటు మీటమీది మీ బొటనవేలూ, టీవీ తెరా రెండూ ఒకే చిత్రంలో పడేటట్లు ఫోను నిలబెట్టండి. ఆట పెట్టి, మీట నొక్కండి. తరువాత ఆ చిత్రాన్ని ఒక్కొక్క బొమ్మగా జరుపుతూ, వేలు మీటను అదిమిన బొమ్మనుంచి తెరమీద కదలిక మొదలైన బొమ్మదాకా లెక్కపెట్టండి. ఒక్కొక్క బొమ్మకు 4.17 మిల్లీసెకండ్లు. 30 బొమ్మలు వస్తే 125 మిల్లీసెకండ్లన్నమాట. పదిసార్లు చేసి సగటు తీయండి. ఆపైన టీవీ అమరికలలో 'గేమ్ మోడ్' ఉంటే అది పెట్టి మళ్ళీ కొలవండి. క్లౌడ్ ఆట దొరికితే వైఫై మీద ఒకసారి, తీగ తగిలించి ఒకసారి చేయండి. రాత్రి 9 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కూడా కొలిచి, ఆ అంకెలన్నీ ఒకే కాగితం మీద రాసి నాన్నకూ అన్నయ్యకూ చూపించండి.